మొదటి చోటే నిశ్శబ్దం

దయాసాగర్ పనిలో కష్టమంతా ఒక్క తీగ దగ్గరే ఉండేది.

చేతిలో పట్టుకుని ఆడే పాత వీడియో గేమ్ మిషన్లను విప్పి, వాటిని పాటలు కట్టే వాయిద్యాలుగా మార్చడం అతని పని. ముప్పై ఏళ్ల కిందటి మిషన్లవి. బూడిద రంగులో, ఇటుక ముక్కంత మందంగా ఉంటాయి. నాలుగు గొంతులు తప్ప ఐదోది లేదు వాటికి. రెండు పీక ఊదినట్టుంటాయి, ఒకటి బొంగురుగా ఉంటుంది, ఇంకొకటి రేకు మీద ఇసుక జల్లినట్టుంటుంది. ఆ నాలుగింటితోనే పాటలు అల్లుకునే కుర్రకారు విశాఖపట్నంలోనూ హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నారు. వాళ్లకి కావలసినవి రెండే. తెర వెనక వెలుగు, శబ్దాన్ని పెద్ద స్పీకర్లకి మోసుకెళ్లే మంచి జాక్.

వెలుగు పెట్టడం ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. శబ్దం సంగతి వేరు. లోపలున్న చిన్న కరెంటు బోర్డూ కొత్తగా పెట్టిన లైటూ కలిసి సన్నగా కూత పెడతాయి. ఆ కూత పాటలోకి దూరకూడదంటే జాక్ నుంచి వచ్చే గ్రౌండ్ తీగను, అంటే ఎర్త్ తీగను, సరైన చోట అతికించాలి. సరైన చోటు ఏదో ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఒక్కో మిషన్‌కి ఒక్కో చోటు. దయాసాగర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాల్యూమ్ చివరంటా తిప్పి, పాట ఏదీ పెట్టకుండా, తీగ కొసను పట్టకారుతో బోర్డు మీద ఇక్కడా అక్కడా తాకిస్తూ వినేవాడు. కూత ఎక్కడ చచ్చిపోతే అక్కడ అతికించేవాడు. ఒక్కో మిషన్‌కి పూటంతా పట్టేది. ఒక మిషన్‌కైతే రెండు రోజులు పట్టింది.

అలాంటిది ఈ రెండేళ్ల నుంచి తీగ తాకించిన మొదటి చోటే నిశ్శబ్దంగా ఉంటోంది.

“ఇదివరకు పూటంతా ఎతుక్కునేవాడిని. ఇప్పుడు ఎక్కడ పెడితే అక్కడే కుదిరిపోతంది. సెయ్యి తిరిగిందిరా శంకరూ” అన్నాడు ఒకరోజు, పక్క షాపు గౌరీశంకర్‌తో. గౌరీశంకర్‌ది ఫొటో స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు.

“యాబయ్యారేళ్లకి తిరిగిందా నీ సెయ్యి?” అన్నాడు గౌరీశంకర్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. “మరి మా ఆవిడ మిక్సీ ఆర్నెల్ల నుంచి తిరక్కుండా ఆ బల్ల కిందే పడుంది, దాని సంగతేటి బాబూ? పిల్లలాడుకునే బొమ్మలకి బెంగళూరు నుంచి పార్సిళ్లొస్తాయి గానీ, సట్నీకి దిక్కు లేదు మా ఇంట్లో.”

“మిక్సీ ఎవడైనా బాగుసేస్తాడ్రా.”

“ఆ ఎవడైనా ఎవడో సెప్పు, అక్కడికే అట్టుకెల్లిపోతాను.”

దయాసాగర్ నవ్వేశాడు. ఆ సాయంత్రమే విశాఖపట్నంలో ఉన్న మేనల్లుడు ఆస్టిన్‌కి ఫోన్ చేసి కూడా అదే మాట చెప్పాడు, చెయ్యి తిరిగిందని.  ఆస్టిన్ “మంచిదే మావయ్యా” అని, వేరే మాటలోకి వెళ్లిపోయాడు.

దయాసాగర్‌కి ఈ పని ఎవరూ నేర్పలేదు. టెన్త్ తప్పాక చోడవరంలో ఒక మైకుసెట్టు ఆసామి దగ్గర చేరాడు. పాతికేళ్లు నిండేసరికి సొంతంగా దయా సౌండ్స్ పెట్టాడు. పెళ్లిళ్లకీ అమ్మవారి పండగలకీ క్రైస్తవ సభలకీ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. కరెంటు స్తంభాలకీ తాటిచెట్లకీ హారన్లు కట్టేవాడు. హారన్ వెనక యూనిట్ అని ఒకటుంటుంది, గొంతు దానిదే. అది పాడవడం మొదలైతే పాట చివర చిన్న గరగర వస్తుంది. కిందనున్న జనానికి అది తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే ఒకటే దారి. హారన్ మోగుతుండగా దాని నోట్లో చెవి పెట్టి వినాలి. మీటరు బతికుందా చచ్చిందా అనే చెబుతుంది, ఎలా పాడుతోందో చెవే చెప్పాలి అని అతని ఆసామి అనేవాడు. ఆసామి అలాగే వినేవాడు, దయాసాగర్ అలాగే విన్నాడు, ఆ తరం మైకుసెట్టు వాళ్లందరూ అలాగే విన్నారు. ముందు ఎడమ చెవి, తర్వాత కుడి చెవి. పండగ రోజుల్లో పొద్దుపోయాక చెవుల్లో తేనెపట్టు కదిలినట్టుండేది. మర్నాటికి తగ్గిపోయేది. తగ్గిపోయేదాన్ని ఎవరు లెక్కచేస్తారు?

తర్వాత వ్యాన్ల మీద డీజే బాక్సులు వచ్చాయి. హారన్లు అటకెక్కాయి. దయాసాగర్ షాపులో కూర్చుని చర్చిల కీబోర్డులూ ఆంప్లిఫయర్లూ బాగుచేయడం మొదలుపెట్టాడు.

ఆరేళ్ల కిందట ఆస్టిన్ ఒక చచ్చిన గేమ్ మిషన్ పట్టుకొచ్చాడు. విశాఖపట్నం గాజువాకలో గది తీసుకుని, ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెబుతూ, మిగిలిన వేళల్లో పాటలు కట్టుకునే మనిషి అతను. దయాసాగర్ మిషన్ వెనక మూత తీశాడు. బ్యాటరీలు కారి రాగి గీతలు పచ్చగా పూసి ఉన్నాయి. అయినా అతనికి ముచ్చటేసింది. రేపు ఎవడో దీన్ని విప్పుతాడు అని తలచుకుని చేసిన బోర్డు అది. ప్రతి అతుకూ ఎదురుగా కనబడుతోంది. వెనిగర్‌లో ముంచిన పళ్ల బ్రష్‌తో రెండు గంటలు తోమి దాన్ని బతికించాడు. తర్వాత రెండు మిషన్లు తగలబెట్టుకుని, నాలుగోదానికి కూత చంపడం నేర్చుకున్నాడు. ఆ రోజు ఆస్టిన్ హెడ్‌ఫోన్ పెట్టుకుని “మావయ్యా, ఆన్ చెయ్యి” అన్నాడు.

“ఆన్‌లోనే ఉందిరా.”

ఆస్టిన్ తెర వైపు చూశాడు. వెలుగుతోంది. అంత నిశ్శబ్దంగా ఉంది మిషన్. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకింది. చోడవరంలో చేయించిన మిషన్ అయితే పాటకీ పాటకీ మధ్య ఏమీ వినబడదని ఎక్కడెక్కడివాళ్లో ఆస్టిన్‌కి పంపేవారు, ఆస్టిన్ చోడవరం పంపేవాడు. పూర్తయిన మిషన్ మళ్లీ ఆస్టిన్ చేతి మీదుగానే వెళ్లేది. దయాసాగర్ పేరు మైకుసెట్టు రోజుల్లో కూడా అంత దూరం వెళ్లలేదు. చర్చిలో ఎవరైనా ‘ఇంకా ఆ బొమ్మలేనా’ అని అడిగితే “బొమ్మలే” అని ఊరుకునేవాడు గానీ, లోపల వేరేగా ఉండేది.

ఆ ఏడు జులైలో షాపుకి నేరుగా ఒక కొరియర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి సంధ్యారాణి అనే అమ్మాయి పంపింది. తన మిషన్‌లో ఒక బటన్ ఇరుక్కుపోతోందనీ, ఫోన్‌లో వెతికితే దయా సౌండ్స్ అడ్రసు దొరికిందనీ, అందుకే ఇటే పంపాననీ చీటీ రాసింది. ఏడాది కిందట దయాసాగర్ చేసిన మిషనే అది. బటన్ల ఎరుపు చూడగానే గుర్తుపట్టాడు. మరలు తీసి మూత ఎత్తాడు.

లోపలున్నది అతని అతుకు కాదు.

దయాసాగర్ తీగను బోర్డుకి ఆనించి పడుకోబెట్టి, కొస కత్తిరించి, అతుక్కి కరిగించే లెడ్డు బియ్యపు గింజంత పెట్టేవాడు. అంతకంటే ఎక్కువ పెట్టడం అతనికి చేతకాదు. ఇక్కడ గ్రౌండ్ తీగను అతను పెట్టిన చోటి నుంచి పీకేశారు. వేలెడు దూరంలో వేరే చోట శనగగింజంత ఉండతో అతికించారు. పక్కన పసుపుపచ్చ కెపాసిటర్ ఒకటి కొత్తగా చేరింది. పని శుభ్రంగానే ఉంది. కానీ పరాయి చేతిది. అన్నం కంచంలో పరాయివాడి చెయ్యి చూసినట్టయింది దయాసాగర్‌కి.

వెంటనే ఫోన్ చేశాడు.

“ఒరే ఆస్టిన్, హైదరాబాద్ అమ్మాయి మిషన్ ఎవడు విప్పేడు?”

“ఏ మిషన్ మావయ్యా?”

“ఎర్ర బటన్లది. నా తీగ పీకి ఇంకో చోట పెట్టేడు ఎవడో. ఆ పిల్లే చేయించుకుందా, నీకేటైనా తెలుసా?”

“అది... మావయ్యా, క్లాసుంది. తర్వాత చేస్తాను.”

తర్వాత చేయలేదు. మర్నాడు శనివారం. దయాసాగర్ చెప్పాపెట్టకుండా బస్సెక్కి గాజువాక వెళ్లాడు. ఆస్టిన్ గది తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు గేమ్ మిషన్లు మూతలు తీసి ఉన్నాయి. నాలుగు రోజుల కిందట దయాసాగర్ పూర్తి చేసి పంపినవి. స్టాండులో సోల్డరింగ్ ఐరన్ పొగలు కక్కుతోంది.

ఆస్టిన్ లేచి నిలబడ్డాడు.

“నువ్వేనేట్రా?” అన్నాడు దయాసాగర్.

“కూర్చో మావయ్యా. మంచినీళ్లు తెస్తాను.”

“నీళ్లు తర్వాత. నా పని మీద సెయ్యేసేవు. ఎందుకేసేవో చెప్పు.”

“కూత వస్తంది మావయ్యా.”

“దేన్లో?”

“అన్నింట్లోనూ.”

దయాసాగర్‌కి నవ్వొచ్చింది. “నాకా చెబుతావు? ఫుల్ వాల్యూమ్ పెట్టి, పావుగంట విని గానీ మూత వెయ్యను నేను. ఏదీ, ఇలా తే.”

బల్ల మీదున్న మిషన్ ఆన్ చేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. వాల్యూమ్ చివరంటా తిప్పాడు. ఏమీ లేదు. పైరు మీద మంచు పట్టినట్టు నిండైన నిశ్శబ్దం. తీసి ఆస్టిన్ చేతిలో పెట్టాడు. ఆస్టిన్ ఒక చెవికి ఆనించుకుని వెంటనే మొహం చిట్లించి దూరం పెట్టాడు.

“నీ సెవుల్లో ఏటో ఉందిరా” అన్నాడు దయాసాగర్. “స్పీకర్‌కి పెట్టు. పెద్దదానికి. అందరం విందాం.”

“వద్దు మావయ్యా.”

“పెట్టమన్నానా!”

ఆస్టిన్ జాక్ మార్చాడు. గదిలో మూలనున్న నల్ల స్పీకర్ మీద చిన్న దీపం వెలిగింది. దయాసాగర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప అతనికేమీ వినబడలేదు. ఏదీ కూత అని అడగబోతుండగా పక్క వాటాలోంచి ఇంటావిడ అచ్చియ్యమ్మ గొంతు వచ్చింది. డెబ్బై దగ్గరపడిన మనిషి ఆవిడ.

“ఒరే ఆస్టినూ! ఆ కూత ఆపరా బాబూ, సెవులు కోసేస్తంది! పొద్దున్నే ఏటిరా ఆ సంత!”

ఆస్టిన్ స్పీకర్ ఆపేశాడు. దయాసాగర్‌కి ఆగిన తేడా కూడా తెలియలేదు. దీపం ఆరడం మాత్రం చూశాడు.

కాసేపటికి మంచం మీద కూర్చున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“రెండేళ్లవుతంది. మొదట్లో ఒకటీ అరా. తర్వాత అన్నీ.”

“అన్నీ నువ్వే మళ్లీ చేసి పంపేవా?”

“ఊఁ.”

“నాకు చెప్పలేదేరా.”

“చెబుదామనే అనుకున్నాను మావయ్యా. ఆ సాయంత్రం నువ్వే ఫోన్ చేసి, సెయ్యి తిరిగింది, మొదటి చోటే కుదిరిపోతందని అన్నావు. అంత సంతోషంగా నువ్వు మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఇంక ఎలాగ చెప్పమంటావు?”

 దయాసాగర్ ఆ రెండు మిషన్లనూ మూతలతో సహా సంచిలో పెట్టుకుని లేచాడు. ఆస్టిన్ బస్టాండు దాకా వెనకే వచ్చాడు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడే ఉన్నాడు.

దారి పొడుగునా దయాసాగర్ ఒక్కొక్కటే తవ్వుకున్నాడు. పాత డబ్బా టీవీల రోజుల్లో, ఏ ఇంట్లో టీవీ పెట్టి ఉందో గొంతు తగ్గించేసినా రోడ్డు మీంచే చెప్పేసేవాడు. టీవీ లోపల సన్నగా ఒక ఈల ఉండేది. అది అందరికీ వినబడుతుందనే అనుకునేవాడు. తనకొక్కడికే అంత బాగా వినబడుతుందని తర్వాత తెలిసింది. ఆ టీవీలన్నీ పోయాయి. ఆ ఈల ఎప్పుడు వినడం మానేశాడో చెప్పడానికి లేదు. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో ఆంప్లిఫయర్ సరిచేసింది తనే. పాడుతున్న ఆడవాళ్లు మాటిమాటికీ వెనక్కి తిరిగి తన వైపు చూశారు. బాగా పెట్టాడని చూస్తున్నారనుకుని తల ఊపాడు. ఇప్పుడు బస్సులో కూర్చుని, ఆ తల ఊపడం గుర్తొచ్చి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అన్నిటికంటే తీగ సంగతే ఎక్కువ బాధపెట్టింది. మొదటి చోటే కాదు, ఏ చోట పెట్టినా తనకి నిశ్శబ్దంగానే ఉండేది. రెండో చోటు చూడాలని ఒక్కసారైనా అనిపించలేదే! పనివాడికి పని తేలికైపోయినప్పుడే అనుమానం రావాలి. తనకి అనుమానం రాలేదు, గర్వం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలు చేసి, భార్య వరమ్మను షాపుకి తీసుకెళ్లాడు. వరమ్మ బుచ్చయ్యపేట దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. షాపులోకి ఎప్పుడో గానీ రాదు.

“నాకేటి తెలుస్తాదండి ఈ వైర్ల సంగతి?” అంది స్టూలు మీద కూర్చుంటూ.

“వైర్లు నేను చూసుకుంటాను. నువ్వు విను చాలు. సన్నగా కూత వస్తే వేలెత్తు. ఆగిపోతే దించు.”

జడ వెనక్కి వేసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అతను మిషన్ ఆన్ చేశాడో లేదో వేలు లేచింది.

“వస్తంది. అమ్మో, ఏటండిది!”

దయాసాగర్ తీగను పట్టకారుతో పట్టుకుని, తను అతికించిన చోటి నుంచి ఇంకో చోటికి మార్చాడు. వేలు దిగలేదు. ఇంకో చోటు. దిగలేదు. బోర్డు అంచు, బ్యాటరీ దగ్గర, జాక్ పక్కన, వాల్యూమ్ చక్రం వెనక. ఒకచోట వేలు సగం వంగింది.

“తగ్గింది గానీ ఉంది.”

“ఎంతుంది?”

“ఉందండి. ఎంతంటే ఏటి చెప్పను?”

గంట దాటింది. వరమ్మ వేలు నొప్పెట్టి చెయ్యి మార్చుకుంది. దయాసాగర్‌కి మెడ పట్టేసింది. ఒకప్పుడు ఈ పనికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ పడుతోంది. మధ్యలో వరమ్మ హెడ్‌ఫోన్ ఒక పక్కకి జరిపి అడిగింది.

“మెర్లిన్ ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అనేసి నాకిచ్చేస్తారు కదా. అది ఇందుకేనా?”

మెర్లిన్ వాళ్ల కూతురు. పెళ్లయి చీడికాడలో ఉంటోంది.

“దాని గొంతు సన్నం కదా” అన్నాడు దయాసాగర్, తీగ మీంచి కళ్లు తీయకుండా. “మాటలు సరిగ్గా పట్టుపడవు. ఫోన్‌దే తప్పనుకున్నాను.”

“అల్లుడంటే మీకు పడదేమో, అందుకే దాంతో మాటాడరనుకున్నాను. అదీ అలాగే అనుకుంటంది. ఒకసారి ఏడిసింది కూడా.”

పట్టకారు ఆగింది. మళ్లీ కదిలింది. కరెంటు బోర్డుకున్న లోహపు పిన్ను పక్కన, గోటి మొనంత రాగి ఖాళీగా కనబడుతున్న చోట తీగను తాకించాడు. వరమ్మ వేలు ఒళ్లోకి దిగిపోయింది.

“ఇక్కడేటీ లేదు.”

“నిజంగా లేదా?”

“లేదండి. మిషన్ ఆపేసేరేమో అనుకున్నాను.”

దయాసాగర్ అక్కడ అతికించాడు. చల్లారాక హెడ్‌ఫోన్ తీసుకుని తను పెట్టుకున్నాడు. గంట కిందట ఎలా ఉందో అలాగే ఉంది. పనికిరానిదీ పనికొచ్చినదీ రెండూ అతనికి ఒకటే. సరైన చోటు దొరికిందని ఆవిడ మాట నమ్మాలి, అంతే.

అక్కడే కూర్చుని ఆస్టిన్‌కి ఫోన్ చేశాడు.

“ఇంక శబ్దం పనికి నాకు మిషన్లు పంపకు. తెరలూ బటన్లూ అయితే చేస్తాను. అవి కళ్లతో చేసేవి.”

“అదేటి మావయ్యా! అత్త ఉంది కదా, అత్త వింటాది. కూతని ఫోన్‌లో బొమ్మలాగ చూపించే యాప్ కూడా ఉంది, నేను పెట్టిస్తాను.”

“యాప్ చూసేను. కూత ఉందని చెబుతాది గానీ, సెవికి ఎంత గుచ్చుకుంటాదో చెప్పదు. మీ అత్తకి నలభై మంది పిల్లల ఉద్యోగం ఉంది. ఆవిడ వేలు చూసి నేను అతికిస్తే, ఆ పని నాదని ఎలాగ చెప్పుకోను?”

“మావయ్యా...”

“ఇంకోటి. ఈ రెండేళ్లూ తీసుకున్నవాళ్లందరికీ చెప్పు. కూత చంపింది నువ్వని చెప్పు. నాదని చెప్పకు.”

“అలా చెప్పలేను.”

“చెప్పాలిరా. పని ఎవరిదో వాళ్ల పేరే ఉండాలి.” ఎర్ర బటన్ల మిషన్ దగ్గరికి లాక్కున్నాడు. “నువ్వు లెడ్డు ఎక్కువ పెడుతున్నావు. ఐరన్ సరిగ్గా వేడెక్కకముందే ఆనిస్తన్నావు, అందుకే ఉండ కడతంది. వచ్చే ఆదివారం రా, చూపిస్తాను. ఈ పనికి నీ సెవి సరిపోతాది.”

ఫోన్ పెట్టేశాడు. ఐరన్ ప్లగ్గు తీశాడు. వరమ్మ హెడ్‌ఫోన్ తీగను చుట్టబెడుతోంది. ఆవిడకి చుట్టడం రాదు, మెలికలు పడుతున్నాయి. అతను తీసుకుని సరిగ్గా చుట్టాడు. గౌరీశంకర్ స్టూడియోకి ఆదివారం సెలవు. వీధిలో జనం లేరు.

“వరమ్మా” అన్నాడు. “అది ఎలా ఉంటాదో ఒకసారి చేసి చూపించు.”

“ఏది?”

“ఆ కూత.”

వరమ్మ ఆలోచించింది. సిగ్గుపడి వీధి వైపు చూసి, చీర చెంగు సర్దుకుంది. తర్వాత పళ్లు దగ్గరగా పెట్టి, పెదాలు సాగదీసి, ఊపిరి సన్నగా వదిలింది. మెడ దగ్గర నరం కదిలింది. కళ్లు కొంచెం చిన్నవయ్యాయి. చాలాసేపే చేసింది.

దయాసాగర్ ఆవిడ నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు.

“అలాగుంటాది” అంది వరమ్మ. “వినపడిందా?”

“మళ్లీ చెయ్యి” అన్నాడు.